సరిహద్దుకు అటు ఎస్టీ, ఇటు బీసీ: ఉపకారవేతనాల అర్హతపై అపోహలు – వాస్తవాలు

కర్నూలులోని ఒక డిగ్రీ కళాశాలలో ఉపకారవేతనాల దరఖాస్తులు పరిశీలించేది నేనే. కులాన్ని, తెగను బట్టి వచ్చే సాయం గురించి పిల్లలు ఇంటి దగ్గర విని వచ్చే మాటల్లో కొన్ని వారికి ఏడాది ఫీజంత నష్టం తెచ్చిపెడుతున్నాయి కనుక ఇది రాస్తున్నాను.

అపోహ: బళ్లారిలో మా వాళ్లకు ఎస్టీ ఉంది కాబట్టి మాకూ వస్తుంది.

వాస్తవం: రాదు. ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక బోయ విద్యార్థి ప్లాస్టిక్ కవరులోంచి మేనమామ కొడుకు కర్ణాటక ధ్రువపత్రం తీసి నా బల్ల మీద పెట్టాడు. అందులో ‘నాయక, ఎస్టీ’ అని ఉంది. ఇతని పత్రంలో ‘బోయ, బీసీ-ఎ’ (వెనుకబడిన తరగతుల్లో ఎ గ్రూపు) అని ఉంది. రెండూ నిజమైన పత్రాలే, రెండిళ్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడాలూ ఉన్నాయి. అయితే రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి. అక్కడ బోయలను పిలిచే నాయక్, బేడ, వాల్మీకి పేర్లు 1991 సవరణతో కర్ణాటక జాబితాలో చేరాయి. మన రాష్ట్రంలో వాల్మీకులు శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి వరకు ఉన్న ఏజెన్సీ ప్రాంతంలోనే ఎస్టీలు, రాయలసీమ బోయలు బీసీ-ఎ. సుగాలీలది (లంబాడీలది) ఇంకో తీరు: ఇక్కడ ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ. చదువు కోసం రాష్ట్రం దాటితే ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. అలాగని బళ్లారిలో చదివే మన సుగాలీ పిల్లలు నిరాశపడనక్కర్లేదు. పదో తరగతి తర్వాతి చదువులకు సాయమిచ్చే కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకం నిబంధనల ప్రకారం ఉపకారవేతనం ఇవ్వవలసింది స్థిరనివాసమున్న సొంత రాష్ట్రమే.

అపోహ: అసెంబ్లీ తీర్మానం చేసింది కదా, ఇక మేం ఎస్టీలమే.

వాస్తవం: బోయలను ఎస్టీల్లో చేర్చాలని 2017లోనూ 2023లోనూ మన శాసనసభ తీర్మానించింది. ఆ కోరికలో న్యాయం ఉందని నేనూ నమ్ముతాను. కాని జాబితాను మార్చగలిగేది పార్లమెంటు చేసే చట్టం ఒక్కటే. అది వచ్చేదాకా ఎస్టీ గడిలో టిక్కు పెడితే దరఖాస్తు వెనక్కి వస్తుంది, ఈలోగా గడువు దాటిపోతుంది.

అపోహ: మతం మారితే ఎవరికైనా అర్హత పోతుంది.

వాస్తవం: ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. ఎస్సీ హోదా మాత్రం హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే వర్తిస్తుంది. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు.

కులం ఒక్కటే చాలదు, కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకంలో తల్లిదండ్రుల వార్షికాదాయం రూ. 2.5 లక్షలు దాటకూడదు. ఆ ఆలూరు విద్యార్థి మేనమామ కొడుకు పత్రాన్ని మళ్లీ కవరులో పెట్టుకుని, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం గ్రామ సచివాలయానికి వెళ్లి, నాలుగు రోజుల్లో బీసీ-ఎ కింద దరఖాస్తు పెట్టాడు.