దేహం దొరకకపోతే పునరుత్థానం లేదా? ఒక సంఘకాపరి వివరణ

అపోహ: సమాధిలో దేహం ఉన్నవారికే పునరుత్థానం, అంటే చనిపోయినవారు తిరిగి శరీరంతో లేవడం.

మరణం జరిగిన ఇంటివారి కోసం పెట్టే ఆదరణ కూడికలు ముగిశాక నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నల్లో ఇదే మొదటిది. అగ్నిప్రమాదంలో భర్తను పోగొట్టుకున్నవారు, అవయవదానానికి సంతకం పెట్టిన తల్లిదండ్రులు ఈ భయంతో నిద్రకు దూరమవుతున్నారు. సముద్రంలో కొడుకు గల్లంతైన ఒక తల్లి, మడత పెట్టిన అతని చొక్కాను ఒడిలో ఉంచుకుని, "అయ్యగారూ, పాతిపెట్టడానికి ఇదొక్కటే మిగిలింది. దేవుడు వాణ్ణి లేపుతాడా?" అని అడిగింది. ఎముకైనా దొరకనివాడు ఎలా లేస్తాడని అంతకుముందే ఎవరో ఆమెతో అన్నారట. లేఖనం తెరిచి చూడకుండా ఇలాంటి మాటలు మోసుకొచ్చేవారిని నేను సహించలేను. బైబిల్లోని ప్రకటన గ్రంథం 20:13లో "సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను" అన్న మాట చదివితే, ఆమె మరోసారి చదవమంది.

వాస్తవం: మృతులు ఎలాంటి శరీరంతో లేస్తారన్న ప్రశ్నకు అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో విత్తనాన్ని చూపించి, క్షయమైనదిగా విత్తబడేది అక్షయమైనదిగా లేపబడుతుందని, దేవుడే తన చిత్తం చొప్పున దానికి శరీరాన్ని ఇస్తాడని రాశాడు. నేలమంటితో మొదటి మనిషిని చేసినవానికి మిగిలిన ఎముకల లెక్కతో పనిలేదు. క్రీ.శ. 177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో హింసకులు హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారి) దేహాలను కాల్చి, వారికి పునరుత్థాన నిరీక్షణ (తిరిగి లేస్తామన్న ఆశ) లేకుండా చేయాలని ఆ బూడిదను రోన్ నదిలో కలిపినా, సంఘం ఆ నిరీక్షణను వదులుకోలేదు.

అపోహ: ఆత్మ పరలోకం చేరితే చాలు, శరీరంతో పనిలేదు.

క్రీస్తుతో ఉండటం మేలని పౌలు చెప్పిన మాట నిజమే. అయితే తిరిగి లేచిన ప్రభువు తోమాకు చేతులు చూపించాడు, శిష్యుల ఎదుట కాల్చిన చేప తిన్నాడు. ఆయన ప్రథమఫలమైతే, అంటే అలా లేచినవారిలో మొదటివాడైతే, మన నిరీక్షణ కూడా శరీర పునరుత్థానమే.

అపోహ: పాత నిబంధనలో ఈ బోధ లేదు.

యెషయా 26:19, దానియేలు 12:2 చదవండి. పునరుత్థానం లేదని వాదించిన యూదా వర్గమైన సద్దూకయ్యులకు యేసు జవాబిచ్చింది కూడా నిర్గమకాండంలో మండుతున్న పొద దగ్గర దేవుడు మోషేతో పలికిన మాట నుండే.

అపోహ: పరలోకం చూసి వచ్చామనేవారి సాక్ష్యాలే రుజువు.

ఆ వీడియోలను నమ్ముకోవద్దు. మోషేను, ప్రవక్తలను విననివారు మృతులలోనుండి ఒకడు లేచినా నమ్మరని లూకా 16:31 చెబుతోంది. మన విశ్వాసానికి ఆధారం లేచిన క్రీస్తే. ఆయన ఐదువందల మందికి పైగా సహోదరులకు ఒక్కసారే కనబడ్డాడనీ, వారిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారనీ పౌలు ఆనాడే రాశాడు.

అపోహ: నిరీక్షణ గలవారు ఏడవకూడదు.

చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్న యేసే కన్నీళ్లు విడిచాడు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడే తప్ప, అసలు దుఃఖమే వద్దనలేదు. కాబట్టి శవపేటిక దగ్గర ఏడుస్తున్న తల్లిని విశ్వాసం పేరుతో వారించకండి, ఆమెను ఏడవనివ్వండి.