పదో ఫైలు దగ్గర తప్పే వరస

మా మేనల్లుడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం అనంతపురం జిల్లాలో వాళ్ల పొలంలోని బోరు నీటిమట్టం కొలిచాడు. జూన్ 1న మొదలుపెట్టి సెప్టెంబరు 28 దాకా, మొత్తం 120 రోజులు. నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో ఒక చిన్న సెన్సర్ గంటగంటకూ చూసి, రోజుకో ఫైలు చొప్పున రాసిపెట్టేది. ఫైళ్ల పేర్లు బోరు1, బోరు2, బోరు3... అలా బోరు120 దాకా. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం రాసి, అన్నీ కలిపి గ్రాఫ్ గీస్తే అది రంపం పళ్లలా వచ్చింది.

"మావయ్యా, సెన్సర్ పాడైనట్టుంది. నీళ్లు ఒక్క రోజులో అన్ని అడుగులు పైకొస్తాయా? మళ్లీ మర్నాటికి కిందికి పోతున్నాయి" అన్నాడు ఫోన్‌లో. వారంలో ప్రాజెక్టు ఇవ్వాలి. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

"నీ ప్రోగ్రాం రెండోసారి తెరిచిన ఫైలు ఏదో చూడరా" అన్నాను. చూశాడు. పదో రోజుది. మూడోసారి తెరిచింది నూరో రోజుది.

"ఫోల్డర్ తెరిస్తే వరసగానే కనిపిస్తున్నాయి కదా మావయ్యా! పైగా నేను సార్ట్ కూడా చేశాను, పేర్లన్నీ వరసలో పెట్టమన్నాను."

వాడు చెప్పింది రెండూ నిజమే. ఫోల్డర్‌లో వరసగానే కనిపిస్తాయి. సార్ట్ కూడా చేశాడు. అయినా వరస తప్పింది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ చిక్కు ఎదురవుతుంది కాబట్టి దీని సంగతి కాస్త నిదానంగా చూడాలి.

ఒకటి నుంచి పది దాకా అంకెల పేర్లను తెలుగు నిఘంటువులో వెతికితే ఏ వరసలో దొరుకుతాయి? ఆరు, ఎనిమిది, ఏడు, ఐదు, ఒకటి, తొమ్మిది, నాలుగు, పది, మూడు, రెండు. అకారాది క్రమంలో ఇది నూటికి నూరుపాళ్లు సరైన వరస. మూడు కంటే పది పెద్దదన్న సంగతి నిఘంటువుకి అక్కర్లేదు. 'ప' ముందు, 'మ' తర్వాత, అంతే. కంప్యూటర్ కూడా ఫైలు పేరుని ఒక మాటగానే చూస్తుంది. అందులో ఉన్న 10 దానికి పది కాదు. '1' అనే గుర్తు, దాని పక్కన '0' అనే గుర్తు.

ప్రతి గుర్తుకీ లోపల ఒక సంకేత సంఖ్య ఉంటుంది. 1963లో వచ్చిన ఆస్కీ పట్టిక నుంచి నేటి యూనికోడ్ దాకా సున్నాకి 48, ఒకటికి 49, అలా తొమ్మిదికి 57. రెండు పేర్లను పోల్చేటప్పుడు ఎడమ నుంచి ఒక్కో గుర్తునూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా ఎక్కడ మొదటిసారి కనిపిస్తే అక్కడే తీర్పు అయిపోతుంది. బోరు10, బోరు2 పోల్చినప్పుడు 'బోరు' దాకా రెండూ ఒకటే. తర్వాత ఒకవైపు 49, ఇంకోవైపు 50. బోరు10 ముందు. వెనకాల ఇంకా సున్నా ఉందా, లక్ష ఉందా అని ఆగి చూడదు.

ఈ లెక్కన మావాడి ఫైళ్లు ఎలా నిలబడ్డాయో చూడండి. ముందు బోరు1, తర్వాత బోరు10, బోరు100, 101, 102... 109. అప్పుడు బోరు11, దాని వెనక 110 నుంచి 119. తర్వాత 12, 120, 13, 14... 19. ఒకటితో మొదలయ్యేవన్నీ అయిపోయాకే రెండుకి వంతు. అంటే జూన్ 2 నాటి నీటిమట్టం 33వ స్థానంలోకి పోయింది. జూన్ మొదటివారం పక్కన సెప్టెంబరు వానల నీళ్లు వచ్చి నిలబడితే గ్రాఫ్ రంపంలా ఉండక ఎలా ఉంటుంది? సెన్సర్ తప్పేమీ లేదు.

మరి ఫోల్డర్‌లో ఎందుకు సరిగ్గా కనిపించింది? విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ ఫోల్డర్ కిటికీ అంకెల్ని అంకెలుగా చదివి, మనకు నచ్చే వరసలో చూపిస్తుంది. మ్యాక్‌లో ఫైండర్ కూడా అంతే. ఆ వరస మన కంటి కోసం చేసిన ఏర్పాటు. ప్రోగ్రాం ఆ కిటికీలోంచి చూడదు, నేరుగా డిస్క్‌ని అడుగుతుంది. అందుకే "నేను కళ్లారా చూశాను, వరసగానే ఉన్నాయి" అనే మాట ఈ విషయంలో సాక్ష్యం కాదు.

ఈ తప్పులో నన్ను బాగా కలవరపెట్టేది దాని నిశ్శబ్దం. ప్రోగ్రాం ఆగిపోదు, ఎర్ర అక్షరాలు రావు. సగటు నీటిమట్టం అడిగితే సరైన జవాబే వస్తుంది. అన్నిటికంటే లోతు ఎంత అంటే అదీ సరిగ్గానే వస్తుంది. కూడికకి వరసతో పనిలేదు కదా! వరస మీద ఆధారపడే ప్రశ్న అడిగినప్పుడే, 'నీళ్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా' అన్నప్పుడే తప్పు బయటపడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మనం ప్రోగ్రాంని పరీక్షించేది నాలుగైదు ఫైళ్లతోనే. తొమ్మిది ఫైళ్ల దాకా అంతా సవ్యంగా ఉంటుంది. పదోది వచ్చినప్పుడు మొదలవుతుంది, అప్పటికి మనం ప్రోగ్రాం మీద నమ్మకం పెట్టేసుకుని ఉంటాం.

మావాడు కనీసం సార్ట్ చేశాడు. అసలు సార్ట్ చేయకపోతే? పైథాన్‌లో ఫోల్డర్‌లోని పేర్లు తెమ్మనడానికి 'గ్లాబ్' అనే సాధనం ఉంది. అది ఏ వరసలో తెస్తుందో హామీ లేదని పైథాన్ వాళ్ల పత్రాల్లోనే రాసి ఉంటుంది. డిస్క్ మీద పేర్లను దాచే పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పేర్లను అక్షరక్రమంలోనే దాస్తుంది. ఆపిల్ పాత పద్ధతి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ కూడా అంతే. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే ఈఎక్స్‌టీ4 మాత్రం త్వరగా వెతకడానికి వీలుగా పేరుని ఒక గణితసూత్రంలో వేసి, వచ్చిన సంఖ్య ప్రకారం దాస్తుంది. ఆ సంఖ్యకీ మన వరసకీ సంబంధం ఉండదు. 2017లో ఆపిల్ తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ కూడా అక్షరక్రమం ఇస్తానని మాట ఇవ్వదు.

ఈ తేడా 2019లో రసాయనశాస్త్రాన్ని ఒక కుదుపు కుదిపింది. హవాయి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ విలియమ్స్ బృందం ఒక సయనోబాక్టీరియా తయారుచేసే పదార్థాల మీద పనిచేస్తోంది. కొత్త అణువు దొరికితే దాని నిర్మాణం తేల్చడానికి ఎన్‌ఎంఆర్ అనే పద్ధతి ఉంది. ఫలానా నిర్మాణమైతే ఎన్‌ఎంఆర్ విలువలు ఎంత రావాలో కంప్యూటర్‌తో లెక్కగట్టి, ప్రయోగంలో వచ్చిన విలువలతో పోల్చి చూస్తారు. ఆ లెక్కల కోసం పాట్రిక్ విల్లోబీ, థామస్ హోయ్ తదితరులు 2014లో ప్రచురించిన పైథాన్ స్క్రిప్టులను (చిన్న ప్రోగ్రాంలను) చాలామంది వాడేవారు. యుహెంగ్ లువో అనే పరిశోధక విద్యార్థి ఆ లెక్కల్ని మళ్లీ చేసి చూస్తే, అవే ఫైళ్లు, అదే స్క్రిప్టు, జవాబు మాత్రం వేరు. బృందం వేర్వేరు కంప్యూటర్ల మీద నడిపి చూసింది. విండోస్ 10లోనూ, మావెరిక్స్ అనే పాత మ్యాక్‌లోనూ ఒక విలువ 173.2 వచ్చింది. ఉబుంటు లినక్స్, మొహావీ అనే కొత్త మ్యాక్, ఈ రెండిట్లో ఒకదాంట్లో 172.4, ఇంకోదాంట్లో 172.7 వచ్చాయి.

చూడ్డానికి అర శాతం అంత తేడా. కానీ ఒక నిర్మాణం సరైనదా, దాని పక్కదా అని తేల్చే చోట ఆ తేడా చాలా పెద్దది. కారణం ఏమిటంటే, ఒక అణువు అనేక వంపుల్లో ఉండగలదు. ఒక్కో వంపుకి రెండు ఫైళ్లుంటాయి, ఒకటి శక్తిది, ఇంకొకటి ఎన్‌ఎంఆర్‌ది. స్క్రిప్టు రెండు రకాల పేర్లనూ వరసగా తీసుకుని, మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది జత కట్టేది. వాటిని తెచ్చేది గ్లాబ్. రాసినవాళ్ల కంప్యూటర్‌లో పేర్లు అక్షరక్రమంలో వచ్చేవి కాబట్టి జతలు కుదిరేవి. వరస హామీ లేని కంప్యూటర్‌లో ఒక వంపు శక్తి ఇంకో వంపు ఎన్‌ఎంఆర్‌తో ముడిపడింది. సవరణ కోసం చేర్చాల్సింది పేర్లను సార్ట్ చేసే చిన్న ముక్క, అంతే. ఆ స్క్రిప్టులు వాడిన 150కి పైగా పేపర్లను మళ్లీ చూసుకోవాల్సి రావచ్చని అప్పట్లో వార్తలొచ్చాయి. విల్లోబీ తప్పుని దాచకుండా ఒప్పుకుని స్క్రిప్టు సరిచేశాడు. ఈ ఉదంతంలో నాకు గౌరవం కలిగించిన విషయం అది, ఇంకొకటి జవాబు తేడా వస్తే వదిలెయ్యకుండా మళ్లీ మళ్లీ నడిపి చూసిన ఆ విద్యార్థి ఓపిక.

సరే, మందేమిటి? అందరికీ ముందు తట్టేది సున్నాలు చేర్చడం. బోరు001, బోరు002, బోరు010 అని పెడితే అక్షరక్రమమే అంకెల క్రమం అవుతుంది. మంచి అలవాటే, కానీ ఎన్ని ఫైళ్లు వస్తాయో ముందే తెలియాలి. మూడంకెలు సరిపోతాయనుకుని మొదలుపెట్టి, ఫైళ్లు వెయ్యి దాటితే బోరు1000 పోయి 100కీ 101కీ మధ్యలో కూర్చుంటుంది. తేదీతో పేరు పెట్టేటప్పుడూ ఇదే సూత్రం. మనకి 05-03-2024 అని రోజుతో మొదలుపెట్టి రాయడం అలవాటు. ఆ పేర్లను సార్ట్ చేస్తే అన్ని నెలల ఒకటో తేదీలు ఒకచోట, రెండో తేదీలు ఇంకోచోట చేరతాయి. 2024-03-05 అని పెద్దదాన్ని ముందు రాస్తే చిక్కే లేదు. ఐఎస్‌ఓ 8601 ప్రమాణం చెప్పేది ఇలాగే రాయమని.

పేరులో అంకె పక్కన ఏ గుర్తు పెట్టామన్నది కూడా చిన్న విషయం కాదు. బోరు1-ఉదయం అని అడ్డగీత పెడితే దాని సంకేతం 45, అంకెల కంటే ముందు. బోరు1_ఉదయం అని కింద గీత పెడితే దాని సంకేతం 95, అంకెలన్నిటి తర్వాత. మావాడి 120 ఫైళ్లకి ఈ కింద గీత పెట్టి ఉంటే మొదటి రోజు ఫైలే 32వ స్థానానికి పోయేది. తెలుగు అంకెలు వాడినా తప్పించుకోలేం. యూనికోడ్‌లో ౦కి 3174, ౯కి 3183. అక్కడా ౧౦ వచ్చి ౨ ముందు నిలబడుతుంది. ఒక సంతోషించదగ్గ విషయం, పైథాన్‌లో ౧౦ని సంఖ్యగా మార్చమంటే ఏ పేచీ లేకుండా పది అని మారుస్తుంది.

పేర్లు మార్చే వీలు లేనప్పుడు పేరుని ముక్కలు చేసి పోల్చాలి. అక్షరాల ముక్క వేరు, అంకెల ముక్క వేరు చేసి, అంకెల ముక్కని నిజమైన సంఖ్యగా మార్చి, అప్పుడు సార్ట్ చేయాలి. 'బోరు', 2 కంటే 'బోరు', 10 పెద్దదని అప్పుడు తెలుస్తుంది. పైథాన్‌లో దీనికి నాట్‌సార్ట్ అనే ప్యాకేజీ ఉంది. లినక్స్ సార్ట్ ఆదేశంలోనూ ఇందుకోసం ఒక వెసులుబాటు ఉంది.

అదైనా సర్వరోగ నివారిణి కాదు. ఒక ప్రయోగంలో గాఢత 0.5, 0.25 అని ఫైళ్లకి పేర్లు పెట్టారనుకోండి. ముక్కలు చేసే పద్ధతి చుక్క తర్వాత ఉన్న 5నీ 25నీ పోల్చి, 0.5ని ముందు పెడుతుంది. మామూలు అక్షరక్రమమే ఇక్కడ సరైన జవాబిస్తుంది! ఇక 3.9, 3.10 సంగతి చూడండి. మీటర్లయితే 3.10 చిన్నది. పైథాన్ వెర్షన్లయితే 3.9 వచ్చిన ఏడాదికి, 2021లో 3.10 వచ్చింది, అది తర్వాతది. గుర్తులు అవే, వరస మాత్రం తలకిందులు. పేరు పెట్టిన మనిషి మనసులో ఏముందో గుర్తుల్లో ఎక్కడా లేదు. దాన్ని విప్పి ప్రోగ్రాంలో రాసి పెడితే తప్ప కంప్యూటర్‌కి తెలిసే దారి లేదు.

వైద్యరంగంలో ఈ సంగతిని ముందే ఆలోచించారు. సీటీ స్కాన్‌లో శరీరాన్ని పలచని పొరలుగా తీసిన బొమ్మలు వందల కొద్దీ ఉంటాయి, పొరకో ఫైలు. వరస తప్పితే వాటితో కట్టే త్రీడీ బొమ్మలో ఊపిరితిత్తి మధ్యలో పొట్ట పొర వచ్చి కూర్చుంటుంది. అందుకే డైకామ్ అనే ప్రమాణంలో ఆ పొర ఏ స్థానంలోదో మిల్లీమీటర్లలో ఫైలు లోపలే రాసి ఉంటుంది. తెలిసినవాళ్లు ఫైలు పేరు జోలికే పోరు, లోపలి స్థానం చూసి పేరుస్తారు.

మావాడికి నేను చెప్పింది ఇంకా తేలిక దారి. ఫైళ్లు 1 నుంచి 120 దాకా ఉన్నాయని మనకు తెలుసు. అలాంటప్పుడు ఫోల్డర్‌ని అడగడమెందుకు, సార్ట్ చేయడమెందుకు? ఒకటి నుంచి 120 దాకా లెక్కపెడుతూ, ప్రతి సంఖ్యకీ పేరు మనమే తయారుచేసి, ఆ పేరున్న ఫైలు తెరవమంటే సరి. నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఇదే. సార్ట్‌కి ఉన్నవి పేర్చడమే తెలుసు. ఉండాల్సినవి ఎన్నో దానికి తెలియదు.

పావుగంటలో మళ్లీ ఫోన్ చేశాడు. "ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయింది మావయ్యా. బోరు57 లేదంటోంది."

ఫోల్డర్‌లో వెతికాడు. నిజంగానే లేదు. 119 ఫైళ్లే ఉన్నాయి. జూలై 27 అది. ఆ రోజు సెన్సర్ బ్యాటరీ అయిపోయిందని, మర్నాడు వాళ్ల నాన్న వెళ్లి మార్చాడని అప్పుడు గుర్తొచ్చింది వాడికి. ఆ ఒక్క రోజు దగ్గర గీత తెంపి, ఖాళీ వదిలి గ్రాఫ్ మళ్లీ గీశాడు.