ఏ వేలికి తిమ్మిరి?

రెండేళ్ల క్రితం మా పిన్నికి రోజూ రాత్రి రెండు, మూడింటికి మెలకువ వచ్చేసేది. కుడిచెయ్యి మొద్దుబారిపోయి, లోపల సూదులు గుచ్చుతున్నట్టు ఉండేది. లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గేది. పొద్దున్నే చీపురు పట్టుకున్నా, బస్సులో పైకడ్డీ పట్టుకున్నా మళ్లీ మొదలు. ఇంట్లో అందరం కలిసి తేల్చేసింది ఒకటే: "నరాల బలహీనత." నాలుగు నెలలు బీ కాంప్లెక్స్ మాత్రలు మింగింది. చివరికి చూపించుకున్న డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది, "ఏ వేళ్లకమ్మా తిమ్మిరి?" అని.

"చెయ్యి మొత్తానికీనండీ."

"చిటికెన వేలిక్కూడానా?"

పిన్ని ఆగిపోయింది. వేళ్లు ఒక్కొక్కటే రుద్ది చూసుకుంది. చిటికెన వేలికి ఏమీ లేదు. ఉంగరం వేలు సగం బాగుంది, సగం మొద్దు. నాలుగు నెలల నుంచి తన చేతినే తను సరిగ్గా చూసుకోలేదని అప్పుడు తెలిసింది.

మనకు "నరం" అన్న మాటతోనే ఒక చిక్కుంది. సూది వేసే నర్సు "నరం దొరకట్లేదు" అంటే అది సిర. మెడ తిరగక "నరం పట్టేసింది" అంటే అది కండరం. మణికట్టు మీద తాళ్లలా తేలి కనబడేవి కండరాన్ని ఎముకకు కట్టిన స్నాయువులు. ఇక "నరం మీద నరం ఎక్కింది" అంటాం కానీ, అలా ఎక్కే నరం ఒంట్లో ఎక్కడా లేదు. అసలు నరం వేల సన్నని పోగులున్న తెల్లటి తీగ. కండరానికి కదలమని చెప్పేది అదే, చర్మం నుంచి స్పర్శ కబురు తెచ్చేది అదే, చెమట పట్టించేదీ అదే. ఒక్కో నరానికి ఒంట్లో కొంత ఇలాకా ఉంటుంది. ఊరంతా కరెంటుండి ఒక్క వీధిలో పోతే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి పోడు, ఆ వీధి స్తంభం ఎక్కుతాడు. నరాల డాక్టరు చేసేదీ దాదాపు అదే పని.

పిన్ని చేతిలో చీకటి పడిన వీధి మీడియన్ నరానిది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలిలో సగం దాని ఇలాకా. మణికట్టు దగ్గర ఎముకలకూ, పైన అడ్డంగా ఉన్న గట్టి పట్టీకీ మధ్య ఇరుకు సొరంగం ఉంది. తొమ్మిది స్నాయువులూ ఈ ఒక్క నరమూ అందులోంచే పోవాలి. అక్కడ కాస్త వాపొస్తే నలిగేది మెత్తటిదైన నరమే. ఈ జబ్బునే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. నిద్రలో మణికట్టు వంగిపోతుంది కాబట్టి బాధ రాత్రిపూట ఎక్కువ. థైరాయిడ్ తక్కువున్నవాళ్లకూ, షుగర్ ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ ఇది తరచుగా వస్తుంది. పిన్నికి థైరాయిడ్ ఉందని ఆ తర్వాత చేసిన రక్తపరీక్షలోనే బయటపడింది. డాక్టరమ్మ తిరగేసిన నమస్కారం కూడా పెట్టించింది. రెండు చేతుల వెనకవైపులు ఆనించి, వేళ్లు కిందికి పెట్టి, ఒక్క నిమిషం. నలభై సెకన్లు కాకముందే పిన్ని చేతులు లాగేసుకుంది. వైద్యం ఇంకా ఆలస్యం చేస్తే బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగి గుంటపడుతుంది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది.

చిటికెన వేలూ, ఉంగరం వేలిలో మిగిలిన సగమూ అల్నార్ నరానివి. దీని పరిచయం అందరికీ ఉన్నదే. మోచెయ్యి గుమ్మానికి తగిలినప్పుడు చిటికెన వేలిదాకా షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది చూశారూ, అది ఎముక పని కాదు. ఎముక పక్కన చర్మం కిందే నడుస్తున్న ఈ నరానికి దెబ్బ తగలడం. మోచెయ్యి మడిచి గంటలకొద్దీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేవాళ్లకూ, కిటికీ అంచున మోచెయ్యి ఆనించి లారీ నడిపేవాళ్లకూ ఇది మెల్లగా నలుగుతుంది. ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటుంది, ఫ్రాన్స్‌లో జూల్ ఫ్రోమాన్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, చెప్పింది. ఒక కాగితాన్ని రెండు చేతులా బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య పట్టుకుని చెరోవైపు లాగాలి. బాగున్న చేతిలో బొటనవేలు నిటారుగా ఉంటుంది. నరం దెబ్బతిన్న చేతిలో దాని కొస కణుపు వంగుతుంది. అల్నార్ నడిపే కండరం పనిచేయక, మీడియన్ నడిపే కండరం సాయానికొస్తోందన్నమాట.

ఈ నరం గురించి చెబుతూ కుష్ఠును వదిలేయడం కుదరదు. ఆ క్రిమికి మోచేతి దగ్గరి అల్నార్ నరమంటే మహా ఇష్టం. తడిమితే నరం లావుగా తాడులా తగలడం, ఒంటి మీద పాలిపోయిన మచ్చలో స్పర్శ తెలియకపోవడం, తర్వాత చివరి రెండు వేళ్లు పక్షి గోళ్లలా లోపలికి ముడుచుకోవడం దాని గుర్తులు. వేళ్లు కుష్ఠు వల్ల రాలిపోతాయని అందరూ నమ్ముతున్న రోజుల్లో, 1940ల చివర వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఆ చేతుల్ని శ్రద్ధగా పరిశీలించాడు. వేళ్లను క్రిమి తినేయడం లేదు. నొప్పి తెలియక మనిషే వేడి గిన్నె పట్టుకుంటున్నాడు, పుండు పడినా అదే చేత్తో పని చేస్తున్నాడు. మచ్చ కనబడగానే ప్రభుత్వాసుపత్రికి వెళ్తే మందులు ఉచితం. నరం చచ్చిపోయాక వెళ్తే మందు క్రిమిని చంపుతుందే తప్ప స్పర్శను తిరిగి తేలేదు.

మూడోది రేడియల్. దండచెయ్యి ఎముక వెనక చుట్టూ తిరిగి కిందికి వస్తుంది. తాగి కుర్చీ వీపు మీదుగా చెయ్యి వేలాడేసి తెల్లారేదాకా పడుకున్నవాడు పొద్దున లేచి చూస్తే మణికట్టు పైకి లేవదు. ఇంట్లోవాళ్లు పక్షవాతమని హడలిపోతారు. అసలు పక్షవాతమో కాదో తేల్చాల్సింది ఆసుపత్రిలోనే కాబట్టి ఆ పరుగు తప్పేం కాదు. కానీ మాట, మూతి, కాలు బాగుండి, మణికట్టూ వేళ్లూ మాత్రమే వేలాడుతూ, చేతి వెనక బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మొద్దుగా ఉంటే తప్పు చాలావరకు రేడియల్‌దే. ఈ మనుషులు "పిడికిలి పట్టు కూడా పోయింది" అంటారు. నిజానికి పట్టునిచ్చే కండరాలు బాగానే ఉంటాయి. మీరే మణికట్టును పూర్తిగా కిందికి వంచి పిడికిలి బిగించి చూడండి, అర్థమవుతుంది.

పిల్లలకు ఈ పరీక్షలన్నీ చెప్పడం కష్టం. జామచెట్టు మీంచి పడి మోచేతి పైన ఎముక విరగ్గొట్టుకున్న ఆరేళ్లవాడు "తిమ్మిరి" అని చెప్పడు, ఏడుస్తాడు. అందుకని డాక్టర్లు వాడితో స్టోన్, పేపర్, సీజర్ ఆడతారు. పిడికిలి బిగిస్తే మీడియన్ పనిచేస్తున్నట్టు, చెయ్యి చాపి పేపర్ చూపిస్తే రేడియల్, వేళ్లు విడదీసి కత్తెర చూపిస్తే అల్నార్. చివర్లో బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా "ఓకే" పెట్టమంటారు. ఈ రకం ఫ్రాక్చర్‌లో ఎక్కువగా దెబ్బతినే మీడియన్ కొమ్మను పట్టిచ్చేది అదే. ఆ కొమ్మ పోతే గుండ్రం రాదు, రెండు వేళ్లూ కొసల దగ్గర చదునుగా ఆనుకుంటాయి. కట్టు వేయించాక కూడా ఓ కన్నేసి ఉంచాలి. ఆకు కట్టు కానీ, పిండికట్టు కానీ, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వేళ్లు మెల్లగా చాపితే పిల్లాడు కెవ్వుమన్నా తెల్లారేదాకా ఆగొద్దు. కట్టు లోపల ఒత్తిడి పెరిగి కండరమూ నరమూ చచ్చిపోవడానికి గంటలు చాలు.

గాజుముక్కతో వేలు తెగి రక్తం కారుతుంటే అందరి చూపూ రక్తం మీదే. కుట్లు పడతాయి, గాయం మానుతుంది, నెల తర్వాత వేలికి స్పర్శ లేదని తెలుస్తుంది. మత్తు సూది వేయకముందే వేలి రెండు పక్కలా తాకి చూడమని అడగాలి. చిన్న పిల్లలకైతే నీళ్ల పరీక్ష ఉంది. 1973లో ఓరియన్ అనే ఐరిష్ సర్జన్ చెప్పాడు. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానితే వేళ్ల కొసలు ముడతలు పడతాయి కదా, ఆ ముడత పెట్టించేది నరమే. నరం తెగిన వేలు ఎంత నానినా నున్నగానే ఉంటుంది. మానిన చేతిని స్నానమయ్యాక తల్లి చూసినా దొరికిపోతుంది.

కాలి సంగతికొస్తే మోకాలి బయటివైపు, కాస్త కింద ఒక ఎముక బుడిపె చేతికి తగులుతుంది. దాన్ని చుట్టుకుని పెరోనియల్ నరం పోతుంది. గొంతుక్కూచుని రోజంతా కలుపు తీసినవాళ్లకు, గంటలకొద్దీ కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాళ్లకు, ఒక్కసారిగా సన్నబడినవాళ్లకు అక్కడ ఒత్తుకుని పాదం ముందు భాగం పైకి లేవదు. నడుస్తుంటే టపటపమని చప్పుడొస్తుంది, చెప్పు జారిపోతుంది. నడుములో డిస్క్ జారినా అచ్చం ఇలాగే పాదం వేలాడొచ్చు. పాదాన్ని లోపలివైపుకి బలంగా తిప్పగలిగితే అనుమానం మోకాలి మీద, తిప్పలేకపోతే నడుము మీద. పిరుదుకి సూది వేయగానే కాల్లోకి కరెంటు కొట్టినట్టయి పాదం పడిపోతే అది సయాటిక్ నరానికి తగిలిన దెబ్బ. అందుకే సూది పిరుదు పైభాగంలో, బయటివైపు మూలకే వేయాలి. నడుం నొప్పితోపాటు మలమూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారి, మూత్రం రావడం కష్టమైతే మాత్రం ఏ పరీక్షలూ పెట్టుకోకుండా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

షుగర్ తిమ్మిరి వేరే రకం. దానికి ఒక వీధంటూ లేదు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు ముందు పోతాయి కాబట్టి రెండు పాదాలకూ ఒకేసారి, సాక్సు తొడిగినట్టు పైకి పాకుతుంది.

నరం మళ్లీ బాగుపడుతుందా అన్నది దెబ్బ ఎంత లోతన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హెర్బర్ట్ సెడన్ మూడు మెట్లు చెప్పాడు. పైతొడుగు మాత్రమే నలిగితే వారాల్లో తిరిగొస్తుంది, కుర్చీలో పడుకున్నవాడిది ఎక్కువగా ఇదే. లోపలి పోగులు తెగి బయటి గొట్టం నిలిస్తే, కింది భాగం శిథిలమై, పై మొన నుంచి కొత్త పోగు మొలుస్తుంది. రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఆ గొట్టంలోంచే కిందికి పాకుతుంది. నరం మొత్తం తెగితే కుట్టాల్సిందే. కండరం ఎదురుచూసేది ఏడాది, ఏడాదిన్నర. ఆ తర్వాత నరం చేరినా లాభం తక్కువ. దెబ్బ తగిలిన మర్నాడే కరెంటు పరీక్ష చేయించి "బాగానే ఉందట" అని ధీమాగా ఉండేవాళ్లను చూశాను. ఎండిపోతున్న కండరం ఆ పరీక్షలో సరిగ్గా కనబడాలంటే మూడు వారాలు పడుతుంది.

పోగు ఎందాకా వచ్చిందో తెలుసుకోవడానికి వేలితో తట్టి చూస్తే చాలు. 1915లోనే జూల్ టినెల్ చెప్పాడు. కొత్త మొన ఉన్నచోట తడితే, ఆ నరం ఇలాకాలో చీమలు పాకినట్టుంటుంది. ఆయన వాడిన ఫ్రెంచి మాటలోనూ ఉన్నది చీమే.

మా వీధిలో ఆటో నడిపే కుర్రాడు సంక్రాంతికి బైకు మీంచి పడి దండచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మణికట్టు వేలాడిపోయింది. ఫిజియోథెరపీ అతను మణికట్టు కింద బద్ద కట్టి, తట్టి చూడటం నేర్పాడు. ఉగాదికి మోచేతికి కాస్త పైన తడితే చేతి వెనక చీమలు పాకాయి. మామిడిపళ్ల రోజులకు ముంజేతి మీద పాకాయి, మణికట్టు కొద్దిగా లేచింది. తర్వాత వేళ్లు. ఆ నరం చివర్లో చేరే కండరాల్లో బొటనవేలిని వెనక్కి ఎత్తేది ఒకటి. దసరా పండగ మూడోరోజు వాడు నాకు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ఆటో హ్యాండిల్ పక్కన పిడికిలి, బొటనవేలు నిటారుగా పైకి.