కాలుతున్న కుండను తట్టి వినడం

వరంగల్‌లో ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఈ ప్రశ్న పంపింది: “సార్, కార్బన్ నానోట్యూబ్ వందల డిగ్రీల వేడిలో పెరుగుతుందంటారు. మామూలు మైక్రోస్కోపుకు కూడా కనపడదంటారు. మరి పెరుగుతున్నప్పుడే దాన్ని ఎలా గమనిస్తారు?” చదివినప్పటి నుంచి నా మనసు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

నానోట్యూబ్ అంటే ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొరను గొట్టంలా చుట్టినట్టుండే పదార్థం. పరిచయం ఇంత చాలు. 1996లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో స్మాలీ బృందం, కాస్త కోబాల్టు, నికెల్ కలిపిన గ్రాఫైట్‌ను 1200 డిగ్రీల కొలిమిలో పెట్టి లేజర్‌తో కొట్టింది. ఆవిరైన కార్బన్ గొట్టాలుగా మారి చల్లటి రాగి కడ్డీ మీద మసిలా పేరుకుంది. ఏం తయారైందో ఆ మసిని చూస్తే తెలిసింది. ఎలా పెరిగిందో చెప్పడానికి మాత్రం అది చాలదు.

కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ వేలి కణుపుతో తట్టి చూసేది. ఖంగుమంటే కొనేది, జీరగా పలికితే పక్కన పెట్టేది. లేజర్ కూడా నానోట్యూబ్‌ను అలాగే తడుతుంది. గొట్టాన్ని తాకి చెదిరి వచ్చే కాంతిలో దాదాపు అంతా అదే రంగుతో వస్తుంది. ఏ కొంచెమో పరమాణువుల కంపనానికి తన శక్తిలో కొంత ఇచ్చి, రంగు మారి వస్తుంది. ఇదే రామన్ ఎఫెక్ట్. ఆ రంగులో వచ్చిన తేడాయే మనకు వినిపించే స్వరం.

ఒక స్వరం గొట్టం ఊపిరి తీసినట్టు ఉబ్బి తగ్గడం వల్ల వస్తుంది. పెద్ద కుండ బొంగురుగా, చిన్న కుండ సన్నగా పలికినట్టే ఇక్కడా. 248ని నానోమీటర్లలో కొలిచిన గొట్టం వ్యాసంతో భాగిస్తే స్వరం సుమారుగా వస్తుంది: ఒక నానోమీటరు గొట్టానికి సెంటీమీటరుకు 248 అలలు, రెండు నానోమీటర్లదానికి 124. రంగులో వచ్చిన తేడాను ఇలా సెంటీమీటరుకు ఇన్ని అలలని కొలుస్తారు, ఇకపై చెప్పే స్వరాల అంకెలూ ఇవే. కార్బన్ బంధాలు సాగి ముడుచుకునే స్వరం 1590 దగ్గర ఉంటుంది, గొట్టం పొడవు పెరిగేకొద్దీ అది గట్టిగా వినిపిస్తుంది. 1350 దగ్గరిది జీర. అల్లికలో లోపం ఉంటేనే అది పలుకుతుంది. లేజర్ రంగు గొట్టంలోని ఎలక్ట్రాన్ల శక్తి మెట్లకు సరిపోతే శబ్దం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒంటరి గొట్టం కూడా వినపడేది అందువల్లే. సరిపోని గొట్టాలు మౌనంగా ఉండిపోతాయి.

రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. మృదంగం నాదం ఎందుకంత శ్రావ్యంగా ఉంటుందో ఆయన 1920 నాటికే పరిశోధించారు. ఫిబ్రవరి 28న బడిలో ఆయన ఫొటోకు దండ వేస్తాం, ఉపన్యాసాలిస్తాం. ఆ రోజు పిల్లల చేత ఒక కుండను, పగిలిన కుండను తట్టించి తేడా వినిపిస్తే బాగుంటుందని నా గట్టి కోరిక. కాటుకలో నానో కణాలున్నాయి కాబట్టి మన పూర్వీకులకు నానో విజ్ఞానం తెలుసని ఫార్వర్డ్ చేసేవాళ్లకూ ఇదే చెబుతాను. మసిలో కణాలు ఉండడం వేరు, వాటి కొలతలు తెలిసి కావలసినట్టు పెంచడం వేరు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు నాకు అన్నిటికంటే నచ్చిన జవాబు అమెరికాలో డేటన్ దగ్గరున్న వైమానిక దళ పరిశోధనశాలది. అక్కడ నిలబెట్టిన సిలికాన్ స్తంభాలు మన వెంట్రుక కంటే సన్నం. పైన లోహపు ఉత్ప్రేరకం, చుట్టూ కార్బన్ ఉన్న వాయువు. ఒక స్తంభం మీద లేజర్ పడగానే అది మాత్రమే క్షణంలో కొలిమంత వేడెక్కుతుంది, గొట్టం మొలుస్తుంది. వేడి చేసే ఆ వెలుగే గొట్టాన్ని తట్టే వేలు కూడా! కుండ ఆవంలో కాలుతుండగా, ఆ మంటే కుండను తట్టి వినిపించినట్టు. వేడి ఎంతో కూడా స్తంభమే చెబుతుంది. మామూలుగా 520 దగ్గర పలికే సిలికాన్ స్వరం, వేడెక్కేకొద్దీ కిందికి జారుతుంది.

ఇలా ఒక్కో గొట్టం పెరుగుదలను విని, 2012లో ఆ బృందం ఒక సంగతి చెప్పింది. పొర ఎంత మెలికతో చుట్టుకుందో దాన్నిబట్టి గొట్టం పెరిగే వేగం ఉంటుంది. మెలిక కోణం ఎక్కువైతే అంచున కొత్త పరమాణువులు చేరడానికి మెట్లు ఎక్కువ, అందుకే ఎదుగుదలా వేగం. రైస్ విశ్వవిద్యాలయంలోని సిద్ధాంత శాస్త్రవేత్త యాకబ్సన్ ముందే లెక్కగట్టిన విషయం ఇది. తర్వాత అదే ఏర్పాటులో, ఇప్పటిదాకా విన్నదాన్నిబట్టి తర్వాతి ప్రయోగం ఎలా చేయాలో కంప్యూటరే నిర్ణయించేలా చేశారు.

గొట్టం పెరుగుతుంటే 1590 స్వరం గట్టితనం మొదట వేగంగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, చివరికి ఒకచోట నిలిచిపోతుంది. అక్కడితో ఉత్ప్రేరకం పని అయిపోయినట్టు. లేజర్ పక్క స్తంభం మీదికి జరుగుతుంది.