"ఆయ్ మేడమ్" అంటే అర్థమైనట్టేనా? డిగ్రీ క్లాసుల్లో అపోహలు - వాస్తవాలు

కోనసీమలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తానండి, పధ్నాలుగేళ్లు దాటింది. స్టాఫ్ రూముల్లో తరచూ వినపడే కొన్ని మాటలు నేనూ చాలాకాలం నమ్మాను, కొత్తగా చేరిన లెక్చరర్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అపోహ: క్లాసు నిశ్శబ్దంగా వింది, "అర్థమైందా" అంటే "ఆయ్ మేడమ్" అన్నారు, ఇంక పాఠం అయిపోయినట్టే.

వాస్తవం: మన పిల్లలకి మర్యాద ఎక్కువ, అడిగితే ఆయ్ అనేస్తారు. ద్రవపీడనం చెప్పాక సూత్రం అడిగితే హెచ్ రో జీ (లోతు, సాంద్రత, గురుత్వ త్వరణం గుణించడం) అని క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది. సరేనని బోర్డు మీద మా లొల్ల లాకుల (కాలువ నీళ్లని ఆపే తలుపుల) బొమ్మ గీసి, తలుపు వెనకాల మూడు మీటర్ల లోతున నీళ్లు కదలకుండా ఉన్నాయి, వెనక కాలువ పది కిలోమీటర్లు ఉంటే తలుపు అడుగున పీడనం ఎక్కువా, పది మీటర్లే ఉంటే ఎక్కువా, రెండూ ఒకటేనా అని అడిగితే ముప్పాతిక మంది పది కిలోమీటర్లకే చెయ్యెత్తారు. "అన్ని నీళ్లు తోస్తాయి కదండి మేడమ్" అన్నాడో అబ్బాయి. సూత్రంలో ఉన్నది లోతు, కాలువ పొడవు ఎక్కడా లేదు, ఆ సూత్రం అప్పుడే వాళ్ల నోటితోనే చెప్పారు!

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌కీ ఇదే ఎదురైంది, 1991లో ఆయన పద్ధతి మార్చేశారు. ప్రశ్న ఇస్తారు, ఎవరి జవాబు వాళ్లు చెప్తారు, తర్వాత పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ చెప్తారు. నేనూ అదే చేశాను. మూడు నిమిషాలు క్లాసు సంతలా అయిపోయింది గానీ చెరువులున్న ఇంటి అమ్మాయి ఒకతి పక్కపిల్లతో "మా చెరువు గట్టు అడుగున ఎంత వెడల్పు పెట్టాలో లోతుని బట్టే చూస్తారే, ఎకరమైనా పదెకరాలైనా ఒకటే" అంటుంటే నేను ఇంకేం చెప్పాలి? రెండోసారి చేతులన్నీ "రెండూ ఒకటే" వైపు తిరిగాయి.

ఇంకో మాట, ప్రశ్న అడిగాక మనం ఆగం. మేరీ బడ్ రో అనే ఆవిడ స్కూలు క్లాసులు టేపుల మీద రికార్డు చేసి చూస్తే టీచర్లు ఆగింది సగటున ఒక్క సెకను, అది మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి. లోపల అంకెలు లెక్కపెట్టుకోండి, మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది.

అపోహ: నోట్స్ పదిసార్లు చదివితే వచ్చేస్తుంది.

వాస్తవం: చదివినకొద్దీ కళ్లకి అలవాటవుతుంది, దాన్నే వచ్చేసిందనుకుంటాం. రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు 2006లో చూశారు, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మేలు, వారం తర్వాత పెడితే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు మేలు. సెమిస్టర్ పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు కదండి. అందుకే నా క్లాసు మొదట్లో తెల్లకాగితం ఇస్తాను, మొన్నటి పాఠంలో గుర్తున్నది రాయాలి, మార్కులుండవు, తర్వాత పుస్తకం తీసి తప్పులు వాళ్లే దిద్దుకోవాలి.

అపోహ: వీడు విజువల్ లెర్నర్, వీడికి బొమ్మలతోనే చెప్పాలి.

వాస్తవం: 2008లో పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పరిశీలిస్తే ఇలా విడదీసి చెప్తే లాభమనడానికి సరైన ఆధారం దొరకలేదు. బొమ్మ కావాల్సిన పాఠానికి అందరికీ బొమ్మ వెయ్యండి, అంతే.

అపోహ: తెలుగు మీడియం పిల్లలు వీక్.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ ఇంగ్లీష్ మీడియమే అయింది, పన్నెండేళ్లు తెలుగులో ఆలోచించిన పిల్ల ఒక్క జూన్‌లో మారిపోతుందా? వాదన తెలుగులో జరగనివ్వండి, ఆ తర్వాత జవాబు రెండు ఇంగ్లీష్ వాక్యాల్లో రాయించండి. చెరువు గట్టు గురించి చెప్పిన అమ్మాయి తెలుగు మీడియమే.

అపోహ: పిల్లలకి నచ్చితే నేర్చుకున్నట్టే.

వాస్తవం: 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే చూశారు, చక్కటి లెక్చర్ విన్నవాళ్లు తామే ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు, పరీక్షలో మాత్రం తామే ప్రశ్నలతో కుస్తీ పట్టినవాళ్లకి ఎక్కువ వచ్చాయి. "మేడమ్ మీరు చెప్పట్లేదు, మాతోనే చెప్పిస్తున్నారు" అని నా దగ్గరా అంటారు. అందుకే మొదటి రోజే, ఇలా ఎందుకు చేస్తున్నానో, మొదట్లో ఎందుకు కష్టంగా అనిపిస్తుందో పది నిమిషాలు కూర్చుని చెప్తాను, ఆ పది నిమిషాలు మాత్రం సిలబస్ ఎంత వెనకపడినా మానను.