పన్నెండేళ్లు సాగు చేస్తే ఉమ్మడి భూమి ఒక్కరిదైపోతుందా?

సివిల్ కేసులు చూసే లాయర్‌ని. ఉమ్మడి పొలాల తగాదాల్లో ఎక్కువగా వినే మాట, "పన్నెండేళ్లు దాటిందండీ, ఇక వాళ్లదే కదా?" అని. ఇది నమ్మి ఎందరో ఆడపడుచులు వాటా అడగడమే మానేస్తున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: అన్న ఒక్కడే పన్నెండేళ్లు దున్నుకుంటే పొలం అతనిదే.

వాస్తవం: కాదు. 1963 లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్‌లోని పన్నెండేళ్ల గడువు, అసలు యజమాని హక్కును ధిక్కరించి, బాహాటంగా, ఎడతెగకుండా భూమిని అనుభవించినవారి విషయంలో పనికొస్తుంది. ఉమ్మడి హక్కుదారుల సంగతి వేరు. వారిలో ఒకరి స్వాధీనం చట్టం దృష్టిలో అందరి స్వాధీనమే. హైదరాబాద్‌లో కాపురముంటున్న చెల్లెలు, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు కూడా ఆ పొలంలో ఉన్నట్టే లెక్క. పి. లక్ష్మీరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1956లోనే ఈ సంగతి తేల్చింది. పంటంతా ఒకరే తీసుకున్నారంటే చాలదు. మిగతావారికి హక్కే లేదని, వాళ్లకు తెలిసేలా అడ్డం తిరగాలి. కోర్టుల్లో దీన్ని 'ఔస్టర్' అంటాం. దాన్ని రుజువు చేయాల్సింది పొలం తనదే అంటున్న వ్యక్తి.

అలాగని ధీమాగా కూర్చోకండి. మీరు పంపిన నోటీసుకు "నీకు వాటా లేదు" అని జవాబు వచ్చిందా? గడువు అప్పటినుంచి నడవడం మొదలైందనే అనుకోండి. ఆ కాగితాన్ని కవరుతో సహా దాచి, ఆలస్యం చేయకుండా పార్టిషన్ (పంపకం) దావా వేయండి. పన్నెండేళ్లు దాటనిస్తే అదే లిమిటేషన్ చట్టం 27వ సెక్షన్ కింద హక్కే పోయే ప్రమాదం ఉంది.

అపోహ: పాస్‌బుక్ అన్న పేరున ఉంది, కాబట్టి అయిపోయింది.

వాస్తవం: పాస్‌బుక్‌లోనో, అడంగల్, పహాణీ లాంటి రెవెన్యూ రికార్డుల్లోనో ఒకరి పేరు ఎక్కినంత మాత్రాన మిగతావారి హక్కు పోదు. పేరు ఎక్కించేటప్పుడు మీకు నోటీసు ఇచ్చారా, మీరు సంతకం పెట్టారా అన్నవి మాత్రం కేసులో ముఖ్యమవుతాయి. ఆ ఫైల్ నకళ్లు ముందే తీసుకోండి.

అపోహ: కౌలుకు చేసినా పన్నెండేళ్లకు సొంతమే.

వాస్తవం: అనుమతితో దున్నినన్నాళ్లూ ఆ గడువు మొదలే కాదు. ఇక ప్రభుత్వ భూమి అయితే గడువు 30 ఏళ్లు, రుజువు చేయడం ఇంకా కష్టం.

అపోహ: పంచని వాటా కొంటే రోడ్డు పక్క ముక్క మనదే.

వాస్తవం: మీరు కొన్నది వాటాను, ఫలానా ముక్కను కాదు. ఏ ముక్క మీకొస్తుందో పంపకంలోనే తేలుతుంది. అడ్వాన్సు ఇచ్చే ముందే మిగతా వాటాదారులతో మాట్లాడండి.