చెరువు–గట్టు ఆట: అపోహలు, వాస్తవాలు

విశాఖలో పిల్లలచేత ఆటలాడించడం నా పని. ఎంవీపీ కాలనీ పార్కులోనైనా, గాజువాక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా నేను ముందు మొదలెట్టేది చెరువు–గట్టే. సుద్దముక్కతో ఒక గీత గీస్తే చాలు. "చెరువు" అంటే అటు, "గట్టు" అంటే ఇటు గెంతాలి.

అపోహ: తప్పు గెంతినవాళ్ళని అవుట్ చేయకపోతే మజా ఉండదు.

వాస్తవం: నేను అస్సలు ఒప్పుకోనిది ఈ మాటే. ముందుగా అవుటయ్యేది చిన్నపిల్లలు, తొందరపడే పిల్లలు. ఈ సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే గోడవారగా కూర్చుని మిగతావాళ్ళ ఆట చూడాల్సి వస్తుంది. అవుట్ అన్నదే లేకుండా ఆడించండి. తప్పు గెంతితే తర్వాతి పిలుపుకి సరిచేసుకుంటారు. మజాకేం లోటుండదు: వేగం పెంచండి, "చెరువు... చెరువు" అని వరసగా రెండుసార్లు పిలవండి, చాలామంది గట్టెక్కేసి పకపకా నవ్వుతారు. కాసేపయ్యాక పిలిచే పని పిల్లలకే ఇవ్వండి. నలుగురిలో నోరు విప్పని పిల్ల కూడా ఇక్కడ గొంతెత్తుతుంది.

అపోహ: తప్పు గెంతేవాడు మాట వినని పిల్లాడు.

వాస్తవం: మాట విన్నాడు, కాళ్ళే ఆగలేదు. గెంతబోయి ఆపుకునే శక్తి మూడేళ్ళకీ ఆరేళ్ళకీ మధ్య బాగా పెరుగుతుంది. అందుకే నాలుగేళ్ళవాళ్ళకి మామూలు ఆటే చాలు. ఆరేడేళ్ళొచ్చాక నియమం తిరగేస్తాను: "చెరువు" అంటే గట్టు మీదికి. చిన్నపిల్లల స్వీయ నియంత్రణను కొలిచే ఒక ప్రసిద్ధ పరీక్షలోనూ ఇదే కిటుకు ఉంది. తల ముట్టుకోమంటే కాలివేళ్ళు ముట్టుకోవాలి.

అపోహ: ఇది టైంపాస్, వ్యాయామం కాదు.

వాస్తవం: 5–17 ఏళ్ళవాళ్ళకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆగకుండా గెంతుతూ, మధ్యలో పరుగులు కలిపితే ఆ లెక్కలోకి ఇదీ వస్తుంది. అవుటై కూర్చున్న సమయం రాదు.

అపోహ: ఆర్కే బీచ్ ఇసుకలో అయితే ఇంకా బాగుంటుంది.

వాస్తవం: ఇసుక మెత్తనే. కానీ అలల హోరులో పిలుపు వినపడదు, ఆట జోరులో పిల్లలు నీళ్ళవైపు పరుగెడతారు. అక్కడి అలలు పెద్దవాళ్ళనే లాగేస్తాయి. బీచ్ రోడ్డు పక్క పార్కులు మేలు, అదీ ఎండ తగ్గాక. మన ఊరి ఉక్కపోతలో చెమట తొందరగా ఆరదు కాబట్టి మధ్యమధ్య ఆట ఆపి మంచినీళ్ళు తాగించండి.